ఏడో జత చెప్పులు

2068 నాటికి గుంటూరులో పెనం మీద నీళ్ళు చిలకరించి దోసె పోసేవాళ్ళు దాదాపు లేరు. ఫోన్ చూపిస్తారు. తెరమీద పెనం నడుమ పసుపు రంగు, అంచున నారింజ రంగు వచ్చాయంటే పిండి పోయవచ్చు. గోడలో పైపు కారుతుంటే ప్లంబర్ గోడంతా తవ్వడు, ఫోన్‌లో నీలంగా కనిపించిన జానెడు చోటే పగలగొడతాడు. గేదెకు పొదుగువాపు మొదలైతే పాలు విరగక ముందే ఏ చన్ను వేడెక్కిందో తెలిసిపోతుంది. మీటరు పెట్టెలో వదులైన వైరు కాలిపోయే ముందు తెరమీద ఎర్రగా వెలిగి తన సంగతి తానే చెప్పుకుంటుంది.

దీన్ని ఇంగ్లీషు తెలిసినవాళ్ళు థర్మల్ కెమెరా అంటారు. పాఠ్యపుస్తకాలు ఉష్ణదర్శిని అంటాయి. జనం మాత్రం వేడికన్ను అని తేల్చేశారు. లోకంలో ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనపడని పరారుణ కిరణాలు వెదజల్లుతూ ఉంటుంది. వాటిని పట్టి రంగులుగా మార్చి చూపించే సెన్సర్ ఒకప్పుడు సైన్యం దగ్గరా అగ్నిమాపక దళం దగ్గరా మాత్రమే ఉండేది. అది ఆవగింజంత అయింది, చవకైంది, ప్రతి ఫోన్‌లోకీ దూరింది. డిగ్రీలో వెయ్యో వంతు తేడాను కూడా పట్టేస్తుంది.

బస్సులో సీటు మీద రుమాలు వేసి దిగిన పెద్దమనిషి నిజంగా అక్కడ కూర్చుని లేచాడా, కిటికీలోంచి రుమాలు విసిరాడా అన్న తగాదాను కూడా మొదట్లో ఇదే తీర్చేది. సీటు వెచ్చగా ఉంటే కూర్చున్నట్టు. ఇప్పుడు తీర్చడం లేదు. ఎందుకు తీర్చడం లేదన్నదే ఈ కథకు మూలం.

జనం వేడికన్నును పెనం మీది నుంచి పక్కవాళ్ళ మీదికి తిప్పడానికి ఆర్నెల్లు కూడా పట్టలేదు. పార్కు బెంచీ మీద రెండు వెచ్చని గుర్తులు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచారు. ఆఫీసు తలుపు మీద ఎవరి అరచేతి వేడి ఉందో చూశారు. ఫ్లాట్ల పలచని గోడల మీద అవతలివాళ్ళ నీడలు చూశారు. అన్నిటికన్నా పెద్ద గొడవ ముక్కుతో వచ్చింది. మనిషి లోలోపల బెదిరితే ముక్కు కొస చల్లబడుతుంది. "మీ అబ్బాయి పాట అద్భుతమండీ" అన్నవాడి ముక్కు తెరమీద నీలంగా కనిపిస్తే ఆ స్నేహం ఆ పూటతో సరి. పెళ్ళిళ్ళు ఆగాయి, వ్యాపారాలు విడిపోయాయి, అన్నదమ్ములు మాటలు మానుకున్నారు.

అప్పుడు డాక్టర్ జోషిత మరుగు కనిపెట్టింది. ఆమె గుంటూరు మనిషే, భౌతికశాస్త్రవేత్త. మరుగు అంటే సెన్సర్ చిప్‌లోనే కూర్చునే ఒక తెర. అది మనిషి వేడిని గుర్తుపట్టి, చుట్టుపక్కల వేడితో ఆ చోటును పూడ్చేస్తుంది. మనిషే కాదు, మనిషి కూర్చుని లేచిన కుర్చీ, పట్టుకున్న గడియ, విడిచిన ఊపిరి, ఏదీ కనపడదు. దోసె కనపడుతుంది, వేసేవాడు కనపడడు. ఏడాది తిరక్కుండా మరుగు లేని వేడికన్ను అమ్మకూడదని చట్టం వచ్చింది. ఆపదలో వాడటానికి కొన్ని కెమెరాలకు మినహాయింపు ఇవ్వాలన్నారు గానీ, అవి ఎవరి చేతిలో ఉండాలన్న చర్చ మూడేళ్ళు సాగి, ఎవరికీ ఎవరిమీదా నమ్మకం లేక ఆగిపోయింది. "మినహాయింపు ఎవరికీ లేదు, నాకు కూడా" అని జోషిత సభలో అన్న మాటకు చప్పట్లు మోగాయి.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిసంచిలో మరుగు లేని ఫోన్ ఒకటి ఉంది.

మొదట అది పరీక్షల కోసం ఉంచుకున్న ఫోనే. పరీక్షలు అయ్యాక పారేయాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ పన్నెండేళ్ళు గడిచాయి. దానితో ఆమె ఎవరి పడకగదిలోకీ తొంగి చూడలేదు. ముక్కులు చూసేది, అంతే. తన ఉపన్యాసం బాగుందని ఎవరైనా అంటే సంచి సర్దుకుంటున్నట్టు వంగి, ఆ మనిషి ముక్కు ఏ రంగులో ఉందో ఒక్క క్షణం చూసుకునేది. పసుపు కనిపిస్తే ఆ రోజు హాయిగా నిద్రపట్టేది. నీలం కనిపిస్తే వారం రోజులు కుమిలిపోయేది. యాభై మూడేళ్ళ మనిషికి ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకునేది కూడా. ఫోన్ మాత్రం పారేయలేదు.

ఏప్రిల్ నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఆమె నగరం శివార్లలోని ఒక శీతలగిడ్డంగికి వెళ్ళింది. గుంటూరులో దాన్ని శీతలగిడ్డంగి అన్నవాడు రైతు కాదు. రైతులంతా ఏసీ అంటారు. కోసిన మిర్చిని టిక్కీలుగా కుట్టి, ధర వచ్చేదాకా ఏసీలో పెడతారు. ఆ గిడ్డంగిలో నలభై వేల టిక్కీలు, అంటే గోనెసంచులు, ఇంటి కప్పంత ఎత్తు వరసలుగా పేర్చి ఉన్నాయి. తడి టిక్కీ ఒకటి లోపల వేడెక్కి బూజు పడితే వరసంతా పోతుంది. ఆ వేడిని దూరం నుంచే పట్టే కొత్త సెన్సర్లను గోడలకు బిగించారు. పనితీరు చూడమని మేనేజర్ శౌర్యతేజ ఆమెను పిలిచాడు.

బయట నలభై ఏడు డిగ్రీలు. లోపల నాలుగు. గిడ్డంగి తలుపు దగ్గర హమాలీల ముఠాకు మేస్త్రి అయిన నాగుల్‌మీరా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతని ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. లోపలికి వెళ్ళే హమాలీలు చెప్పులు బయట విడిచి కాళ్ళకు గోనెపట్ట చుట్టుకుంటారు. మిర్చి ధూళి చెప్పులకంటుకుని ఇంటికి వస్తే పిల్లల కళ్ళు మండిపోతాయని ఆ పద్ధతి పెట్టుకున్నారు.

జోషిత తలుపు పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని అర్ధగంటైందో లేదో, లోపల ఏదో కూలిన చప్పుడు వచ్చింది. పడమటి వైపు వరస ఒకటి ఒరిగి, రెండు వరసల మీద పడింది. తలుపులోంచి ఎర్రటి ధూళి పొగలాగా వచ్చింది. హమాలీలు దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ గోనెపట్టల కాళ్ళతోనే బయటికి పరిగెత్తుకొచ్చారు. ఆరుగురు.

గిడ్డంగి కంప్యూటర్‌ను అక్కడ అందరూ గుమాస్తా అంటారు. శౌర్యతేజ దాన్నే అడిగాడు. "గుమాస్తా, లోపల ఎవరైనా ఉన్నారా?"

"పెద్ద తలుపు కెమెరా లెక్కలో ఆరుగురు లోపలికి వెళ్ళారు, ఆరుగురు బయటికి వచ్చారు. తెరమీద మనిషి వేడి సున్న," అంది గుమాస్తా నిదానంగా.

"హమ్మయ్య," అన్నాడు శౌర్యతేజ.

నాగుల్‌మీరా మాత్రం స్టూలు మీంచి లేచి నేల చూస్తున్నాడు. వేలితో ఒకసారి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"సార్, ఏడు జతలుండాయి."

"ఎవరివో పాతవి అయ్యుంటాయి మేస్త్రీ."

"పాతవైనా కొత్తవైనా మనిషి లేకుండా వాటంతటవే నడిచి రావుగదా సార్."

ఏడో జత చెప్పులకు ఎడమదాని పట్టీ ఎర్ర నైలాన్ దారంతో కుట్టి ఉంది. పక్క షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు చప్పుడుకు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో సలోమి అనే ఆమె ఆ దారం చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"మా ఆయనవి. ఇశ్రాయేలువి. ఆదివారమే కుట్టా."

సంగతి అప్పుడు బయటపడింది. అది అందరికీ తెలిసిన రహస్యమే, మేనేజర్‌కు తప్ప. వేసవిలో హమాలీలు వంతులవారీగా అన్నం తిని, పడమటి మూల వరసల సందులో ఒక అరగంట నడుం వాలుస్తారు. ఏసీలో నిద్ర మరి. సామాన్లు దింపే చిన్న దారిన వెళ్తారు కాబట్టి గుమాస్తా లెక్కలోకి రారు. కానీ చెప్పులు మాత్రం పెద్ద తలుపు దగ్గరే విడిచి వెళ్ళాలని నాగుల్‌మీరా కట్టడి చేశాడు. ఆ రోజు వంతు ఇశ్రాయేలుది.

జోషిత ముందుకు వంగింది. "గుమాస్తా, లోపల మనిషి ఉంటే నీకు కనిపిస్తాడా?"

"కనిపించడు. నా సెన్సర్లన్నిటికీ మరుగు ఉంది."

"మరి సున్న అని ఎలా చెప్పావు?"

"కనిపించనివాణ్ణి నేను లెక్కపెట్టను."

జోషిత తెర మీంచి చూపు తిప్పుకుంది. అది తను నేర్పిన చదువే.

"సంచులు లాగేద్దాం పదండి," అన్నాడు ఒక హమాలీ.

"ఎక్కణ్ణుంచి లాగుతావురా? తప్పు చోట ఒక్క టిక్కీ లాగితే మిగిలిందంతా వాడి నెత్తినే పడిద్ది," అన్నాడు నాగుల్‌మీరా. "యాడున్నాడో తెలియాల ముందు."

గాలిపంకాలు ఆపి పిలిచారు. జవాబు లేదు. నాలుగు డిగ్రీల చలిలో చెమటతో తడిసిన బనీనుతో ఉన్న మనిషి ఎంతసేపు ఉండగలడో జోషిత మనసులో లెక్కవేసింది. ఒక గంట. అదృష్టం బాగుంటే ఇంకొంచెం.

అప్పుడామెకు ఇంకో సంగతి తట్టింది. గొంతు తగ్గించి అడిగింది. "గుమాస్తా, అతని ఒళ్ళు చల్లబడుతూ పోతే?"

"చర్మం ఇరవై డిగ్రీలకు దిగి, ఊపిరి కూడా లేకపోతే అది మనిషి కొలతల్లో ఉండదు. అప్పుడు మరుగు పనిచేయదు. అప్పుడు నాకు కనిపిస్తాడు."

ఎంత తగ్గించి అడిగినా సలోమి విన్నది. ఆమె తెర ముందుకు వచ్చి నిలబడింది. తెరంతా ఒకే నీలం. ఆడవాళ్ళూ హమాలీలూ ఆమె వెనక గుమిగూడారు. వెతికే మనిషి కనిపించకూడదని అంతమంది కలిసి కోరుకోవడం జోషిత ఎన్నడూ చూడలేదు. ఎక్కడో ఒక మూల కాస్త రంగు మారితే సలోమి కళ్ళు మూసుకుంటోంది. ఏసీ మోటారు అని గుమాస్తా చెప్పాక తెరుస్తోంది.

జోషిత చెయ్యి సంచిలోకి వెళ్ళింది. ఫోన్ వేళ్ళకు తగిలింది. అక్కడే ఆగింది. చుట్టూ నలభై మంది, అందరి చేతుల్లోనూ ఫోన్లు, సగంమంది వీడియో తీస్తున్నారు. ఇది బయటికి తీసిన మరుక్షణం పన్నెండేళ్ళ అబద్ధం బయటికి వస్తుంది. మినహాయింపు ఉందని తెలిస్తే మరుగును ఇక ఎవరు నమ్ముతారు? తన పరువు కోసం కాదు, మరుగు కోసమే ఆలోచిస్తున్నానని ఆమె అనుకోబోయింది. పరువు కోసమే. అది ఆమెకు తెలుసు. సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఈ లోపల పది నిమిషాలు పోయాయి.

"అమ్మా," సలోమి ఆమె వైపు తిరిగింది. "తెర మీద ఏమీ లేదు. అంటే ఉన్నట్టే గదమ్మా ఆయన? మీరు పెద్ద చదువులు చదివినోళ్ళు, చెప్పండి. ఉన్నట్టేగా?"

జోషిత ఫోన్ బయటికి తీసింది.

"మేస్త్రిగారూ, నాతో రండి."

వరసల మీద ఫోన్ తిప్పుతూ నడిచింది. వేడికన్ను గోనెసంచుల గుండా చూడలేదు. కానీ మనిషి ఊపిరి ఆగదు, అది సంచుల సందుల్లోంచి పాకి పైకి వచ్చి, గోనెను వెంట్రుకవాసి వెచ్చబరుస్తుంది. రెండో స్తంభం దాటాక, మనిషి ఎత్తున, రెండు టిక్కీల నడుమ అరచెయ్యంత చోట లేత పసుపు రంగు కనిపించింది. మసకబారింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ మసకబారింది.

"ఊపిరి," అంది జోషిత. "ఊపిరి పీలుస్తున్నాడు."

నాగుల్‌మీరా ఆ చోటు చూశాడు, పైన వరస ఎటు ఒరిగిందో చూశాడు, ఆసరాకు దుంగలు తెమ్మని కేకేశాడు. పైనుంచి ఒక్కొక్క టిక్కీ దించుతూ ఇరవై నిమిషాల్లో ఇశ్రాయేలును బయటికి లాగారు. పెదవులు నల్లబడ్డాయి, కాలు విరిగింది. ఎండలోకి తీసుకురాగానే ముక్కులోకి పోయిన మిర్చి ధూళికి వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మాడు. ఒక్కొక్క తుమ్ముకూ సలోమి ఏడుస్తూ నవ్వింది.

అంతా సద్దుమణిగాక శౌర్యతేజ జోషిత చేతిలోని ఫోన్ వైపు చూశాడు. "మేడమ్, ఇది..."

"నాదే," అంది జోషిత. "పన్నెండేళ్ళుగా."

ఆమె రాజీనామా రాసింది. తిట్ల కోసం సిద్ధపడింది. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు ఒకప్పుడు మరుగు చట్టం కోసం ఊరూరా తిరిగి మాట్లాడిన మనిషి. వారం రోజుల్లో నాలుగు వేల ఉత్తరాలు వచ్చాయి. జోషిత భయపడుతూ విప్పింది.

ఒక్కదానిలో కూడా తిట్టు లేదు. 'అమ్మా, ఆ ఫోన్ ఒక్క రోజు ఇప్పించగలరా? మా కోడలి సంగతి...' 'మేడమ్, నా భాగస్వామి నాతో నిజం చెబుతున్నాడో లేదో...' 'నేను అందరిలాంటివాణ్ణి కాదు, దుర్వినియోగం చేయను.' మరుగు తీసేయమని రాసినవాడు ఒక్కడూ లేడు. మరుగు అందరికీ ఉండాలి, తమకు తప్ప. చివరికి విచారణ రెండో రోజున అధ్యక్షుడు కూడా టైపిస్టును బయటికి పంపి, దగ్గి, గొంతు సవరించుకుని అన్నాడు. "బాధ్యతగల పన్నెండు మందికి అలాంటి ఫోన్లు ఉండటం మంచిదే అనిపిస్తోంది డాక్టర్‌గారూ. మేం ముగ్గురం ఎటూ ఉంటాం. మిగతా తొమ్మిది మంది పేర్లు ఆలోచిద్దాం."

జోషితకు నవ్వొచ్చింది. ఆ తరవాత భయమేసింది. వాళ్ళను ఏమనగలదు? తనూ అంతేగా.

ఈ లోగా కార్మికుల క్షేమం కోసమని విచారణ సంఘం గిడ్డంగి సెన్సర్లకు తాత్కాలికంగా మరుగు తీయించింది. నెల తరవాత ఇశ్రాయేలు కర్ర పట్టుకుని, నాగుల్‌మీరాను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. చేతిలో రెండు కిలోల తేజ రకం మిర్చి సంచి. గుమ్మం బయట చెప్పులు విడిచాడు. ఎర్ర దారం అలాగే ఉంది.

ఇతను కూడా ఫోన్ అడుగుతాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"మీరు పెట్టిన ఊపిరమ్మా ఇది," అన్నాడు ఇశ్రాయేలు కూర్చుంటూ. "అందుకే మీతోనే చెప్పుకోవాలని వచ్చా. మరుగు తీశాక ఆ గుమాస్తా మమ్మల్ని వదలట్లా. ఎవడు ఎంతసేపు కూచున్నాడు, ఎవడి ఒళ్ళు చల్లబడింది, ఎవడు పని ఆపాడు, అన్నీ రాస్తుంది. నడుం వాల్చే మూల పోయింది. మొన్న ఎండలో పనిచేసి ఒకడు పడిపోయాడు."

"అయ్యో," అంది జోషిత. "ఇశ్రాయేలూ, నువ్వు బతికింది నేను చూడబట్టే కదా. మళ్ళీ మరుగు వేస్తే..."

"మీరు చూసింది ఒక్క నిమిషం. నేను ఉన్నానా లేనా అని చూశారు. ఆ గుమాస్తా పొద్దస్తమానం చూస్తుంది, నేనేం చేస్తున్నానా అని. రెండూ ఒకటేనంటారా? ఆ మరుగు మళ్ళీ వేసెయ్యండమ్మా. చెప్పుల సంగతి మేం చూసుకుంటాం. లెక్క తేడా వచ్చిననాడు పిలుస్తాం, అప్పుడు చూడండి."

నాగుల్‌మీరా తల ఊపాడు.

చివరి విచారణ రోజున జోషిత హాలు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. అలా విడవాలని అక్కడ నియమమేమీ లేదు. సాక్షిగా పిలిచిన నాగుల్‌మీరా అప్పటికే తన సాక్ష్యం చెప్పి బయటికి వచ్చేశాడు.

ఆమె పరీక్ష ఫోన్‌ను హాల్లోని పెద్ద తెరకు కలిపింది.

"ఇది ఎవరి చేతిలో ఉండాలో తేల్చే ముందు," అంది, "తేల్చేవాళ్ళు ఒక్క నిమిషం దీని ఎదుట కూర్చోవాలి. నా ముక్కు నేను ముందే చూపిస్తాను." ఫోన్ తన వైపు తిప్పుకుంది. పెద్ద తెరమీద ఆమె ముఖం నిప్పులాగా ఉంది, ముక్కు ముదురు నీలంగా ఉంది. "భయపడుతున్నాను, చూడండి. పన్నెండేళ్ళు మీ అందరి ముక్కులూ దొంగచాటుగా చూశాను. క్షమించండి. ఇప్పుడు మీకు తెలిసే చూస్తాను. మీరు ముగ్గురూ ఈ ఫోన్ నిజంగా దేనికి కావాలనుకుంటున్నారో ఒక్కొక్కరే చెప్పండి."

ఫోన్ వేదిక వైపు తిప్పింది. మూడు చేతులు ఒకేసారి మూడు ముక్కుల మీదికి వెళ్ళాయి. అధ్యక్షుడు రుమాలు కూడా తీసుకున్నాడు.

మిగతాదంతా గంటలో తేలిపోయింది. పన్నెండు ఫోన్ల మాట విచారణ రికార్డులో ఎక్కడా లేదు. గిడ్డంగికి మరుగు మళ్ళీ వచ్చింది. జోషిత ఫోన్‌ను రెండు తాళాల పెట్టెలో పెట్టి అగ్నిమాపక కేంద్రంలో ఉంచాలన్నారు. ఒక తాళంచెవి అక్కడి అధికారి దగ్గర, రెండోది ముఠా మేస్త్రి దగ్గర. చెప్పులకూ మనుషులకూ లెక్క కుదరనప్పుడు మాత్రమే అది తెరవాలి. రాజీనామా ఆమోదమై జోషితకు ఉద్యోగం పోయింది. సంతకాలు పెట్టించుకునేసరికి సాయంత్రమైంది.

ఫోన్ లేని సంచి తేలిగ్గా ఉంది. కారిడార్‌లో ఎదురైన ఒకాయన "చాలా బాగా మాట్లాడారండీ" అన్నాడు. అలవాటుగా ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళి ఖాళీగా తిరిగి వచ్చింది. ఆ మాట నిజమో కాదో ఇక ఎప్పటికీ తెలియదు. "థాంక్సండీ" అని నడిచింది.

బయట వరండాలో అందరూ వెళ్ళిపోయారు. మెట్ల మీద నాగుల్‌మీరా ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మేస్త్రిగారూ, మీ సాక్ష్యం మధ్యాహ్నమే అయిపోయిందిగా. ఇంకా ఇక్కడే ఉన్నారేం?"

నాగుల్‌మీరా గుమ్మం పక్కకు చూపించాడు. అక్కడ ఒకే ఒక్క జత మిగిలి ఉంది.

"మీ చెప్పులు ఇక్కడే ఉండాయి గదమ్మా," అన్నాడు.